కాలరు లోపల ఆరు కుట్లు

సూదిలోకి దారం ఎక్కించేవాళ్ళని ఎప్పుడైనా గమనించి చూడండి. ముందు దారం కొస నోట్లోకి పోతుంది. పెదాల మధ్య ఒక్క క్షణం ఆగుతుంది. తడిసి, మొన తేలి, బయటికొచ్చి బెజ్జంలో దూరుతుంది. ఈ విద్య ఎవరూ ఎవరికీ కూర్చోబెట్టి నేర్పరు. లోకంలో మొదటి సూదిని ఏ చేపముల్లుతోనో ఎముకముక్కతోనో చేసిననాడే నాలుక కూడా ఆ పనిలో చేరిపోయి ఉంటుంది. పేజీ తిప్పేవాడి వేలు, తపాలా బిళ్ళ అంటించేవాడి నాలుక, గాలి ఎటు వీస్తోందో చూడటానికి చూపుడువేలు తడిపి పైకెత్తే పడవవాడు: మనిషి తన ఉమ్మిని లోకమంతా పూసుకుంటూనే తిరుగుతున్నాడు. ఆ సంగతి అతనికి తెలియదు. తెలియాల్సిన అవసరమూ మొన్నమొన్నటిదాకా రాలేదు.

ముడులత్తకి ఆ అవసరం ఒక మంగళవారం పొద్దున పదకొండు గంటలకి వచ్చింది.

ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. నేరాల తాలూకు వస్తువులు పరీక్షించే ల్యాబులో, కింది అంతస్తులో, స్టోరుగది పక్కన ఉన్న ఒంటి కిటికీ దగ్గర ఆమె బల్ల. యాభై ఆరేళ్ళ మనిషి. ముక్కుమీద జారే కళ్ళద్దాలు, గొంతుబిళ్ళల రేకుడబ్బాలో సూదులు, కుర్చీకి కట్టిన పాత దిండు. ఇక్కడికి రాకముందు యూనిఫాంల ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్ళు చొక్కాచేతులు కుట్టింది. అదీ ఎడమచేతులే. కుడిచేతులు ఇంకొకామె కుట్టేది. "పద్దెనిమిదేళ్ళు కుట్టాను గానీ ఒక్క చొక్కా కూడా పూర్తిగా నాది కాదు" అని ఆమె నవ్వుతూ చెప్పుకునేది. ఆ నవ్వులో కాస్త కినుక కూడా ఉండేది.

ల్యాబులో మాత్రం ఆమెకి తనదంటూ ఒకటి దొరికింది. ఆ కథ చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

నేరం జరిగిన చోట దొరికిన బట్టల్ని కాగితపు సంచుల్లో తెస్తారు. తడివైతే గదిలో తీగమీద ఆరబెడతారు. తర్వాత ఒక్కోదానికీ నంబరు వేసిన ట్యాగు తగిలించి, మళ్ళీ కాగితంలో చుట్టి, పైన గుడ్డసంచి కుట్టి, కుట్టుమీద లక్క కరిగించి సీలు గుద్దుతారు. అప్పుడది పై అంతస్తుకి పరీక్షకి పోతుంది. వస్తువు చేతులు మారిన ప్రతిసారీ కాగితంమీద ఒక గడి, గడిలో ఒక సంతకం. ఎవరిచ్చారు, ఎవరు పుచ్చుకున్నారు, ఏ రోజు, ఎన్ని గంటలకి. ఒక్క గడి ఖాళీగా ఉన్నా కోర్టులో ఎదుటి వకీలు పండగ చేసుకుంటాడు.

ఆమె చేరిన కొత్తలో ట్యాగుని బొత్తాంకాజాలోంచి పురికొసతో కట్టేవాళ్ళు. ఒకసారి బీరువాలో రెండు చొక్కాల ట్యాగులు ఊడి కిందపడ్డాయి. రెండూ తెల్లవే, రెండూ ఒకే కొలత. ఏది ఎవరిదో దేవుడికే తెలియాలి. కేసు కాస్తా గాల్లో కలిసిపోయింది. పెద్దసార్లందరూ తలలు పట్టుకుని కూర్చుంటే, కొత్తగా చేరిన ఈ కుట్టుమనిషి గుమ్మం దగ్గర నిలబడి అంది: "బడిపిల్లల చొక్కాలకి పేరు కుడతారు కదండీ. అలా కాలరు లోపల కుట్టేస్తే పోలా?"

పోయింది. అంటే, సమస్య పోయింది. కాలరు లోపలివైపు, కాలరు లేని బట్టైతే లోపలి అంచున, ఆరు కుట్లు, చివర ఎవరూ విప్పలేని జంటముడి. ఆ ముడివల్లే ఆమెకి ముడులత్త అని పేరొచ్చింది. ఆ ఏడాదే ఒక ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు. అది అద్దంపెట్టి ఆమె బల్ల పైన గోడకి వేలాడుతోంది. అంతకన్నా గొప్పసంగతి, ల్యాబు నియమాల పుస్తకంలో ముప్ఫయ్యెనిమిదో పేజీలో ఒక వాక్యం ఎక్కింది: 'ట్యాగును వస్త్రపు కాలరు లోపలివైపు కుట్టవలెను.' ఆ రోజు ఇంటికి వెళ్ళి భర్తతో, "ఏవండీ, నేను పుస్తకంలో ఎక్కాను" అంది.

"నీ పేరుందా?"

"పేరు లేదు. కుట్టుంది."

ఇక ఆ కాగితంమీది గడుల్లో ఆమెకి గడి లేదన్నది ఎవరికీ తట్టలేదు. ఆమెకీ తట్టలేదు. కుట్టుపని స్టోరు లెక్కలోది. స్టోరంటే కుర్చీలు, బకెట్లు, చీపుర్లు. వాటికెక్కడైనా సంతకం ఉంటుందా?

సరే, మంగళవారం.

పొద్దుటినుంచీ ఆమె బల్లమీద ఒక నీలం లంగా ఉంది. మాస్కు గడ్డం కిందికి లాగి, చేతికి తొడుగులతో, దారం కొస పెదాల మధ్య పెట్టుకుని కిటికీ వెలుగులో సూది బెజ్జం వెతుకుతోంది. అప్పుడు మూడో అంతస్తు నుంచి డాక్టరమ్మ దిగివచ్చింది. రోగుల డాక్టరు కాదు. పీహెచ్‌డీ చేసిన డాక్టరు. ముప్ఫై రెండేళ్ళుంటాయి, మెట్లు రెండేసి చొప్పున దిగుతుంది. చేతిలో ఒక పెద్ద ఫోటో.

"అత్తా, ఒక్కసారి ఇది చూడండి. ఈ కోటు గుర్తుందా? టైల్సు గోడౌను వాచ్‌మన్‌ది."

గుర్తుంది. ఖాకీ కోటు. మెట్ల కింద తల పగిలి చచ్చిపడి ఉన్న వాచ్‌మన్‌ది. తెల్లారి సరుకు ఎక్కించడానికొచ్చిన లారీ డ్రైవరు ముందు చూశాడు. చూసినవాణ్ణే పట్టుకున్నారు.

ఫోటోలో కోటు కాలరు, పక్కన కొలబద్ద. కాలరు లోపల ఒకచోట ఎర్రపెన్సిలుతో సున్నా చుట్టారు. ఆ సున్నాలో సగానికి ఆరు కుట్లు, ఒక జంటముడి.

"మీ దగ్గరికొచ్చేసరికి కాలరు ఇలాగే నలిగి ఉందా? ఎవరో పట్టుకుని గుంజినట్టు?"

ఆమె తలాడించింది. నోట్లో దారం ఉంది కదా.

"ఇక్కడ ఒక ఆడమనిషి జాడ దొరికింది అత్తా. అందుకే ఆ డ్రైవర్ని అంతలా పీడిస్తున్నారు. నీతోపాటు ఉన్న ఆడది ఎవరు, పేరు చెప్పు అని. అతనేమో నేనొక్కణ్ణే, నేను వెళ్ళేసరికే పడి ఉన్నాడు అంటాడు. ఎవరో మీదపడి కాలరు పట్టుకుని అరిచిందని వాళ్ళ ఊహ. మా ల్యాబులో అందరి శాంపిళ్ళతోనూ పోల్చి చూశాం, మాలో ఎవరిదీ కాదు."

"రక్తమా?" దారం పెదాల మధ్యే ఉంచి అడిగింది ముడులత్త.

"కాదు. ఉమ్మి."

దారం ఆమె నోట్లోంచి మెల్లగా, ఎవరిదో వస్తువు దొంగతనంగా జేబులోంచి తీస్తున్నట్టు బయటికొచ్చింది.

"కొత్త మిషను వచ్చాక ఇవన్నీ దొరుకుతున్నాయి అత్తా. మునుపైతే ఇంత చిన్న జాడ ఎక్కడ తెలిసేది?" అంటూ డాక్టరమ్మ ఫోటో మడిచి, వెళ్తూ వెళ్తూ అలవాటుకొద్దీ, "మాస్కు పైకి లాక్కోండి" అని మెట్లెక్కేసింది.

ముడులత్త మాస్కు పైకి లాక్కుంది. నోరు పిడచకట్టుకుపోయింది. విచిత్రమేమిటంటే, ఆ క్షణాన దారం తడపమన్నా ఆమె నోట్లో తడి లేదు.

ఆ తర్వాత పొడిదారంతో సూది ఎక్కించడానికి ప్రయత్నించింది. మొదటిసారి దారం చీలింది. నాలుగోసారి వంగింది. పదకొండోసారికి సూదిని డబ్బాలో పడేసింది. నీలం లంగా నీలంగానే పడి ఉంది. లేచింది. కూజాలోంచి నీళ్ళు తాగింది. కూర్చుంది. ఫోటోలోని సున్నా కళ్ళముందు నుంచి కదలదు. లేచి వరండా చివరిదాకా వెళ్ళి, దేనికొచ్చిందో తెలియక నోటీసుబోర్డు చదివింది. అగ్నిమాపక పరికరాలు వాడు విధానం. మళ్ళీ చదివింది.

వరండాలోనే విచారణ కిటికీ ఉంది. అక్కడ రోజూ వచ్చే మనిషి ఆ రోజూ వచ్చింది. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. అట్టపెట్టెలు మడిచే పనిచేస్తుందేమో, వేళ్ళకి గోధుమరంగు టేపు చుట్టుకుని ఉంటుంది. కిటికీలోని గుమస్తా ఆమెకి రోజూ చెప్పే మాటే చెబుతున్నాడు. రిపోర్టు మేం మీకు ఇవ్వం, కోర్టుకి పంపుతాం.

"రిపోర్టు నాకొద్దు బాబూ. ఆడదెవరో చెప్పండి చాలు."

"మాకు తెలిస్తే కదమ్మా."

"పందొమ్మిది రోజులైంది. సోమవారం మళ్ళీ కోర్టుకి తీసుకెళ్తారంట. పేరు చెప్పకపోతే ఇంకా ఉంచుతామన్నారు. పోనీ ఎవరినో పెట్టుకున్నాడనే అనుకుందాం. చెప్పేసి బయటికి రావచ్చుగా? నేను చంపుతానని భయమా?" అంటూ ఆమె ఇటు తిరిగింది. గోడకి ఆనుకుని నిలబడ్డ ముడులత్తని చూసి, ఏళ్ళనాటి పరిచయం ఉన్నట్టు అందుకుంది. "మీరు చెప్పండి పెద్దమ్మా. మా ఆయన అన్నంపెట్టు అనడానికే నోరు తెరవడు. తల ఊపుతాడు. అలాంటోడు ఇంకో ఆడదానితో ఏం మాట్లాడి ఉంటాడు? మొదటి వారం నమ్మాను. రెండో వారం ఆ ముండని ఊహించుకుని తిట్టాను. ఇప్పుడేమో ఆవిడ దొరికితే కాళ్ళు పట్టుకుందామనుంది, ఒక్కసారి వచ్చి నేనేనని చెప్పు తల్లీ అని."

ముడులత్త ఏదో అనబోయి నోటీసుబోర్డు వైపు తిరిగింది. మూడోసారి చదివింది.

బుధవారం పొద్దున స్టోరు అధికారి గదిలోకి వెళ్ళింది. లావుపాటి మనిషి, మంచివాడు, ఎవరి పుట్టినరోజూ మర్చిపోడు. ఆమె చెబుతున్నంతసేపూ పేపరువెయిటు తిప్పుతూ కూర్చున్నాడు. చెప్పడం అయ్యాక అది ఆగింది.

"ఈ ఒక్కటేనా తడిపింది?"

"తడపంది లేదండీ."

"మొదట్నుంచీ?"

"నాకు దారం ఎక్కించడం అలాగే వచ్చు."

అతను పేపరువెయిటు పక్కకి నెట్టాడు. లేచి తలుపు దగ్గరగా వేశాడు. "అత్తయ్యా, మీకు ఇంకా ఎంత సర్వీసుంది? రెండేళ్ళు. ఈ మాట బయటికెళ్తే ఏమవుతుందో తెలుసా? పన్నెండేళ్ళలో మీరు ముట్టుకున్న ప్రతి బట్టా మళ్ళీ తీస్తారు. ప్రతి వకీలూ మన గుమ్మంలో ఉంటాడు. ఆ ముప్ఫయ్యెనిమిదో పేజీ రాసిందెవరు? నేను. మిమ్మల్ని శాంపిలు జాబితాలో వెయ్యనిదెవరు? అదీ నేనే. కుట్టుమనిషికెందుకులే అనుకున్నాను."

"మరి ఆ డ్రైవరు?"

"ఆడమనిషి దొరకకపోతే వాళ్ళే వదిలేస్తారు. లేనిదాన్ని ఎన్నాళ్ళు వెతుకుతారు? ఇవాళ్టినుంచి సూదెక్కించే తీగ ఒకటి తెప్పిస్తాను, దాంతో ఎక్కించండి. అంతే. ఇదిక్కడితో వదిలెయ్యండి."

మధ్యాహ్నానికి తీగ వచ్చింది కూడా. ప్రభుత్వ కార్యాలయంలో ఒక వస్తువు అడగకుండా, అర్జీ లేకుండా, నాలుగు గంటల్లో రావడం ముడులత్త అక్కడ చూడటం అదే మొదటిసారి. దాన్ని చూస్తే ఆమెకి మరింత భయం వేసింది.

గురువారం సెలవు పెట్టింది. సెలవు పెట్టి ఇంట్లో ఉండగలిగితేగా. బీరువా సర్దింది. సర్దింది మళ్ళీ తీసింది. ఉప్పు కొనడానికి వెళ్ళి సబ్బు కొనుక్కొచ్చింది. కాలుగాలిన పిల్లిలా ముందుగదికీ వంటింటికీ మధ్య ఎన్నిసార్లు తిరిగిందో, ముందుగదిలో కాటాలు బాగుచేసుకుంటున్న భర్త లెక్కపెట్టాడు.

ఆయన సంగతి కాస్త చెప్పుకోవాలి. అంగళ్ళలో తూకం వేసే కాటాలు సరిచెయ్యడం ఆయన వృత్తి. గది నిండా తక్కెడపళ్ళాలు, స్ప్రింగులు, ముళ్ళు ఊడిన గడియారపు ముఖాలు. తూకంరాళ్ళని మెత్తటి గుడ్డలో చుట్టి పడుకోబెడతాడు. చంటిపిల్లల్ని కూడా అంత జాగ్రత్తగా పడుకోబెట్టరు. ఒక్క విషయంలో మాత్రం ఆ మనిషి లెక్క తప్పుతుంది. బజారుకి తిన్నగా వెళ్ళే వీధిలో పది నిమిషాలు. ఆయన మాత్రం బస్సుడిపో చుట్టూ తిరిగి పాతిక నిమిషాలు నడుస్తాడు. వానలో కూడా. అడిగితే, "నడక మంచిదోయ్" అంటాడు.

"ముప్ఫై నాలుగు" అన్నాడాయన సాయంత్రం నాలుగింటికి.

"ఏంటి?"

"నువ్వు గుమ్మం దాటడం. ఇల్లంతా కొలిచేశావు. ఏమైందో చెప్పరాదూ?"

చెప్పింది. ముందు నిలబడి, తర్వాత పీటమీద కూర్చుని, మళ్ళీ లేచి నిలబడి చెప్పింది. స్టోరు అధికారి అన్నది కూడా చెప్పింది. ఆయన చేతిలోని పళ్ళాన్ని కిందపెట్టి, గుడ్డతో వేళ్ళు తుడుచుకుని, అటక కిందున్న పెట్టెలోంచి ఒక మూట తీశాడు. అందులో రెండు కిలోల ఇనపగుండు. కింది అంచున గోరంత ముక్క ఎగిరిపోయి ఉంది.

"ఇదేంటి?"

"నా పరీక్షగుండు. ఎప్పుడో రాతిమెట్టుమీద పడింది. నేను చూసుకోలేదు. ఎనిమిది నెలలు దీన్ని పెట్టే కాటాలు సరిచేశాను. ఆ తిన్నటి వీధిలో ముప్ఫై ఒక్క అంగళ్ళు."

ఆమె గుండు ఎగిరిన అంచుని వేలితో తడిమింది.

"తెలిశాక కొత్తది తెచ్చుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. ఒక్కొక్కటీ ఏదో వంకపెట్టి మళ్ళీ సరిచేద్దామనుకున్నాను. ఈలోగా తనిఖీవాళ్ళు వచ్చారు. పప్పులంగడి ముసలాయన దొరికాడు. కాటా పట్టుకుపోయారు, అంగడికి తాళం వేశారు. నెలరోజులు. వీధంతా ఆయన్ని దొంగతూకం అంది. ఆయన నా దగ్గరికొచ్చి, 'బాబూ, నువ్వు పెట్టిన కాటాయే కదా, తప్పెలా వచ్చింది?' అని అడిగాడు."

"మీరేమన్నారు?"

"మీవాళ్ళే ఏదో చేసుంటారు అన్నాను."

పళ్ళెం మీద పడమటి ఎండ పడి కప్పుమీద ఊగుతోంది. ఆమె ఆ వెలుగువైపే చూస్తూ అంది: "అందుకా డిపో చుట్టూ తిరిగేది?"

"నడక మంచిదే."

"ఇప్పుడు నాకెందుకు చెప్పారు?"

"అడిగావుగా."

"నేనేమీ అడగలేదు."

"ఇరవై రెండేళ్ళుగా అడుగుతున్నావే, ఎందుకా చుట్టుదారి అని."

ఆయన గుండుని మళ్ళీ గుడ్డలో చుట్టాడు. చెప్పమనీ అనలేదు, వద్దనీ అనలేదు. కాసేపాగి మాత్రం, "వాన పడితే డిపో దగ్గర మోకాలిదాకా నీళ్ళు నిలుస్తాయి తెలుసా" అన్నాడు.

శుక్రవారం ఆఫీసు తెరిచేసరికి ముడులత్త మూడో అంతస్తు మెట్లమీద ఉంది. మధ్యలో రెండుసార్లు దిగివచ్చింది. ఒకసారి కళ్ళద్దాలు మర్చిపోయానని. అవి మెడలోనే ఉన్నాయి. ఇంకోసారి ఏ వంకా దొరకలేదు, ఊరికే దిగింది. మూడోసారి డాక్టరమ్మే ఎదురొచ్చింది.

"ఏంటత్తా, ఇక్కడ?"

"మీకొకటి చూపించాలమ్మా."

గదిలోకి వెళ్ళాక రేకుడబ్బా తీసింది. సూది తీసింది. రీలు నుంచి జానెడు దారం తెంపింది. మాస్కు గడ్డం కిందికి లాగింది. ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్నది చేసింది. కొస పెదాల మధ్యకి, ఒక్క క్షణం, బయటికి, బెజ్జంలోకి. సూది ఒక్కసారికే ఎక్కింది. మూడ్రోజుల తర్వాత మొదటిసారి.

డాక్టరమ్మ నవ్వుముఖంతోనే చూస్తోంది. ఆ నవ్వు అలాగే ఉండిపోయింది, తీసెయ్యడం మర్చిపోయిన బోర్డులాగా. తర్వాత మెల్లగా కుర్చీలో కూర్చుంది.

"ఇంకోసారి చెయ్యండత్తా."

ఇంకోసారి చేసింది.

"ఆ కోటుకి కూడా?"

"ఆ కోటుకీ. అన్నిటికీ."

డాక్టరమ్మ బల్లమీదున్న ఫోటో దగ్గరికి లాక్కుంది. "నేనే మీ దగ్గరికొచ్చాను. ఫోటో మీ చేతికిచ్చాను. మీ నోట్లో దారం ఉంది" అంది. ఆమెతో కాదు, తనతో. "ఉమ్మి అని నేనే చెప్పాను."

"మాస్కు పైకి లాక్కోమన్నారు కూడా."

ఆ పిల్లకి నవ్వొచ్చింది. నవ్వు మధ్యలోనే కళ్ళు తడయ్యాయి. లేచి సొరుగులోంచి ఒక ఫారం తీసింది. దూది చుట్టిన పుల్లతో బుగ్గ లోపల రుద్ది శాంపిలు తీసుకోవాలి. దానికి ముందు ఫారం నింపాలి, ఇంకొకరు సాక్షిగా ఉండాలి, సొంత ల్యాబు మనిషి కాబట్టి పరీక్ష వేరే ల్యాబులో జరగాలి. నియమాలన్నీ సక్రమంగా ఉన్నాయి. 'వస్తువుతో సంబంధం' అన్నచోట ఆరు గడులున్నాయి: సేకరణ, రవాణా, స్వీకరణ, పరీక్ష, భద్రత, ఇతరులు.

డాక్టరమ్మ పెన్ను 'ఇతరులు' మీదికి పోయింది.

"ఆగండమ్మా. ఇతరులంటే ఎవరు?"

"అంటే... మిగతావాళ్ళు."

"మిగతావాళ్ళని ఎక్కడైనా వెతుకుతారా? నన్నలా మిగతావాళ్ళలో వేసే కదా ఇంత జరిగింది. నా పని రాయండి."

పెన్ను ఆగింది. తర్వాత ఆ పిల్ల ఫారం అంచున చేత్తోనే ఒక గడి గీసి, అందులో 'కుట్టుట' అని రాసింది. పన్నెండేళ్ళలో మొదటిసారి ముడులత్త అలాంటి కాగితంమీద సంతకం పెట్టింది. అలవాటు లేని చెయ్యి కదా, అక్షరాలు గడి దాటి బయటికొచ్చాయి.

స్టోరు అధికారి ఆ రోజునుంచి ఆమెతో మాట్లాడటం మానేశాడు. శని, ఆదివారాలు ఎలా గడిచాయో ఆమెకే తెలియాలి. సోమవారం మధ్యాహ్నం వేరే ల్యాబునుంచి జవాబొచ్చింది. కాలరుమీది ఆడమనిషి ల్యాబు కుట్టుమనిషే. డాక్టరమ్మ ఆ కాగితం పట్టుకుని కోర్టుకి పరుగెత్తింది. కాలరు గుంజిన మనిషి లేదు, అరిచిన మనిషి లేదు. మెట్లమీద దుమ్ము చెరిగిన తీరూ, తలమీది దెబ్బా చూస్తే కాలుజారి పడినట్టే ఉందని ముందునుంచీ అంటున్న పోస్టుమార్టం డాక్టరు మాట ఇప్పుడు వినపడింది. బుధవారం డ్రైవర్ని వదిలేశారు.

గురువారం అతని పెళ్ళాం వరండాలోకొచ్చింది. ఈసారి విచారణ కిటికీ దగ్గర ఆగలేదు. తిన్నగా ముడులత్త బల్ల దగ్గరికొచ్చి నిలబడింది. బల్లమీద సూదులు లేవు. సోమవారం సాయంత్రమే తీసేశారు.

"మీరేనా?"

"నేనే."

ఆమె ఎగాదిగా చూసింది. జారే కళ్ళద్దాలు, నెరిసిన జుట్టు, కుర్చీకి కట్టిన దిండు. ఇన్నాళ్ళూ ఊహించుకున్న ఆడదాన్ని చూసింది.

"ఎన్ని తిట్లు తిట్టానో తెలుసా మిమ్మల్ని?"

"తిట్టమ్మా. తినాల్సినవే."

"నా పక్కనే నిలబడ్డారు ఆ రోజు. కాళ్ళు పట్టుకుంటానన్నాను. విన్నారు."

"విన్నాను. అప్పటికి తెలుసు. మూడు రోజులు ఆగాను."

"మూడు రోజులు" అంది ఆమె. "లోపల మూడు రోజులంటే ఎంతో తెలుసా? ఆయన గోడకి గీతలు పెట్టాడు." టేపు చుట్టిన వేలితో బల్ల అంచుని గీరుతూ నిలబడింది. తర్వాత ఉన్నట్టుండి, "ఇంటికొచ్చాడు. నిన్న అన్నం పెట్టమని నోరు తెరిచి అడిగాడు" అంది. అని, థాంక్స్ చెప్పకుండా, క్షమించానని కూడా చెప్పకుండా వెళ్ళిపోయింది. ముడులత్త ఆమె మలుపు తిరిగేదాకా చూసింది. చెప్పి ఉంటే తనకి ఇంకా కష్టంగా ఉండేదనిపించింది.

అయిపోలేదు. అసలు పని అప్పుడే మొదలైంది.

ముప్ఫయ్యెనిమిదో పేజీ కొట్టేశారు. ప్రశంసాపత్రాన్ని ఎవరూ తియ్యమనలేదు, ఆమే దించి గోడవైపు తిప్పి పెట్టింది. విచారణ తేలేదాకా ఆమెని ఉద్యోగంలోంచి తియ్యలేదు గానీ, ఒక పని అప్పగించారు. కొత్త మిషను వచ్చిన పద్నాలుగు నెలల్లో పరీక్షించిన బట్టల జాబితా తీసి, ఏ ఏ రిపోర్టుల్లో 'గుర్తుతెలియని స్త్రీ' అని ఉందో ఏరి రాయాలి. ట్యాగు రిజిస్టర్లు ఆమె చేతిరాతలోనే ఉన్నాయి కాబట్టి ఆమెకే ఇచ్చారు. పేజీ తిప్పడానికి వేలు నోటిదాకా వెళ్ళేది. సగం దారిలో ఆగేది. చివరికి బల్లమీద తడి స్పాంజి ఒకటి పెట్టుకుంది.

ఇంట్లో ఆయన ఒక సాయంత్రం ఆ రెండు కిలోల గుండుని సంచిలో వేసుకుని బయల్దేరాడు. ఆమె గుమ్మంలో నిలబడి చూసింది. ఆయన మలుపుదాకా నడిచాడు. తిన్నటి వీధి మొదట్లో ఆగాడు. సంచి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. పప్పులంగడి ముసలాయన ఉన్నాడో పోయాడో కూడా ఎవరికి తెలుసు? కాసేపటికి డిపోవైపు తిరిగాడు. గంట తర్వాత ఇంటికొచ్చి సంచి కిందపెట్టి, "బరువెక్కువోయ్, రేపు చూద్దాం" అన్నాడు. ఆమె వంటింట్లోంచి వచ్చింది. సంచిని మళ్ళీ పెట్టెలో పెట్టనివ్వకుండా గుమ్మం పక్కనే ఉంచింది.

జాబితా తొమ్మిదో రోజుకి తేలింది. రెండువందల పన్నెండు బట్టలు. కుట్టు దగ్గర పరీక్షించినవి వాటిలో కొన్నే; వాచ్‌మన్ కోటు కాక 'గుర్తుతెలియని స్త్రీ' ఇంకా మూడుచోట్ల ఉంది. ఒకటి ఎవరినీ పట్టుకోని కేసు. ఒకటి ఇంకా విచారణలో ఉంది. మూడోదాని ఎదురుగా ఒక మాట రాసి ఉంది: తీర్పు అయినది.

ఆ గీత కింద వేలుపెట్టి ఆమె నాలుగుసార్లు చదివింది. ఏ బట్టో గుర్తుకు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. ఆకుపచ్చ జాకెట్టు, కుడిభుజం చిరిగింది. కుట్టిన రోజు కిటికీలో వెలుగు తక్కువగా ఉంది. సూది చాలాసేపు ఎక్కలేదు. ఒకటికి రెండుసార్లు తడిపింది. శిక్షపడి లోపల ఉన్నది మగో ఆడో, పెద్దో చిన్నో ఆ కాగితంమీద లేదు. కేసు నంబరొక్కటే ఉంది.

భోజనాలవేళ. వరండా ఖాళీగా ఉంది. ముడులత్త కాగితం తీసుకుని మెట్లెక్కింది. ఈసారి మధ్యలో దిగలేదు. మూడో అంతస్తుకి చేరేసరికి ఆయాసంతో మాట రావడం లేదు. డాక్టరమ్మ డబ్బా మూత తీస్తున్నదల్లా ఆమె ముఖం చూసి లేచింది, కుర్చీ ముందుకి జరిపింది.

"ముందు కూర్చోండత్తా. ఊపిరి పీల్చుకోండి."

"కూర్చుంటే లేవలేనమ్మా" అంది ముడులత్త, కాగితం బల్లమీద పరిచి. "ముందు ఈ మూడోది చూడండి."